స్టీరియో పెట్టించాక కారు మొరాయిస్తోందా?

వంటింట్లో గ్రైండరు ఆగిపోతే ముందు ఫ్యూజు చూస్తాం. మోటారు నీళ్ళు ఎక్కించకపోతే ఫుట్‌వాల్వు పోయిందేమోనని మనమే అనుమానిస్తాం. ఫ్రిజ్ డోరు రబ్బరు వదులైతే నెలకి కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందో కూడా మనకి తెలుసు. కానీ గేటు ముందు నిలబెట్టిన కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ళ సంగతిలే" అని చేతులు దులిపేసుకుంటాం. ఎందుకో నాకు అర్థం కాదు. అందులో ఎక్కేది మనమూ, మన పిల్లలూ. పెళ్ళికి బయల్దేరుతుంటే అది కదలకపోతే పట్టుచీర కట్టుకుని వీధిలో నిలబడేదీ మనమే!

మా అద్దంకిలో ఇప్పుడు కారు లేని వీధంటూ లేదు. మిర్చి ధర బాగున్న ఏడాదో, పత్తి డబ్బులు ఒక్కసారిగా చేతికొచ్చిన ఏడాదో సెకండ్‌హ్యాండ్‌దైనా సరే ఒకటి కొనేస్తున్నారు. కొన్న రోజునే సింగరకొండ తీసుకెళ్ళి స్వామి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అటునుంచి అటే స్టీరియో షాపుకి పోనిస్తారు. పై మోడల్ కార్లకి కంపెనీవాళ్ళే తెరతో సహా బిగించి ఇస్తారు. తక్కువ మోడల్‌కీ, పాత కారుకీ మాత్రం బయటే పెట్టించాలి. అందులో తప్పేం లేదు. పాటలు లేకుండా గుంటూరు దాకా వెళ్ళి రావడం ఎవరికి మాత్రం సరదా? చిక్కంతా ఎక్కడంటే, ఆ డబ్బాని కారు తీగలకి కలిపే పద్ధతిలో. గంటలో పని ముగించాలని తీగ కోసి, మెలేసి, మీద నల్ల టేపు చుట్టి పంపించేస్తారు. ఆ రోజు అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. రోగం బయటపడేది నెలా రెండు నెలల తర్వాత.

మా వీధిలో ఒకావిడ ఉంది, వరసకి నాకు వదిన. పోయినేడాది చలికాలంలో వాళ్ళ మామగారికి రాత్రి రెండింటప్పుడు ఊపిరాడక ఆయాసం వచ్చింది. ఒంగోలు తీసుకెళ్దామని కారు తాళం తిప్పితే టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఇంజను తిరగలేదు. ఆ చీకట్లో ఇంటిల్లిపాదీ తోశారు, కదల్లేదు. చివరికి 108కి ఫోను చేస్తే వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. దేవుడి దయవల్ల పెద్దాయన కోలుకున్నారు. కానీ అంతకు రెండు నెలల ముందే నాలుగు వేల పైచిలుకు పోసి కొత్త బ్యాటరీ వేయించారు. దానికి ముందుది కూడా ఏడాది తిరక్కుండానే పోయింది. బ్యాటరీ అమ్మినవాడిని అడిగితే కారులో లోపమన్నాడు. కారు మెకానిక్కుని అడిగితే బ్యాటరీ మంచిది కాదన్నాడు. స్టీరియో పెట్టినవాడి దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు, ఎందుకంటే పాటలు చక్కగా వస్తున్నాయిగా!

మా పెద్ద తమ్ముడు ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడిని పిలిపించి చూపిస్తే పావుగంటలో తేల్చాడు. డిక్కీలో పెట్టిన యాంప్లిఫయరుకి తాళం వేసినప్పుడు మాత్రమే అందాల్సిన సంకేతం తీగని, ఎప్పుడూ కరెంటు ఉండే తీగకి కలిపేశారట. అంటే కారు షెడ్డులో నిద్రపోతున్నా డిక్కీలో ఆ డబ్బా మాత్రం రాత్రంతా మేలుకునే ఉంటోంది. నేను పక్కనే కూర్చుని "అదేంటి, ఇదేంటి" అని అడుగుతుంటే, "అక్కా, నువ్వూ పానా పట్టుకో" అని వాడు నవ్వాడు. అప్పుడు తెలుసుకున్నవీ, తర్వాత వాడిని అడిగి అడిగి రాసుకున్నవీ మీకు చెబుతాను. ఇంటర్ దాకా చదువుకున్న నాకు అర్థమైందంటే మీకూ అవుతుంది.

పసుపు, ఎరుపు, నలుపు

స్టీరియో వెనక జడలా బోలెడు తీగలుంటాయి. భయపడకండి. అసలు కథంతా మూడు తీగల్లోనే ఉంది. పసుపు తీగలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో పసుపు ఎప్పుడూ ఉండాలంటామే, అలా గుర్తు పెట్టుకోండి. మీరు పెట్టుకున్న స్టేషన్లు, గడియారం గుర్తుంచుకోవడానికి ఇది కావాలి. పెద్ద శబ్దానికి కావలసిన బలం కూడా ఇందులోంచే వస్తుంది. ఎరుపు తీగలో తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వస్తుంది. "ఇక లే" అని స్టీరియోని నిద్రలేపడం దీని పని. నలుపు తీగ ఎర్త్. కారు ఇనుప శరీరానికి బిగించాలి. ఇవి కాక నీలం మీద తెల్ల చార ఉన్న తీగ యాంప్లిఫయరుని లేపడానికి, నారింజ రంగుది రాత్రిపూట లైట్లు వేసినప్పుడు తెర వెలుగు తగ్గించడానికి. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, వంకాయరంగు జతలు నాలుగూ స్పీకర్లవి. జతలో నల్ల చార ఉన్నది మైనస్.

ఒక్క మాట. ఈ రంగులు బయట కొన్న స్టీరియో వైపు తీగలకే. కారు వైపు తీగల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. అక్కడ ఎరుపు కనపడింది కదా అని ఎరుపుకి ఎరుపు కలిపేసేవాడు పనివాడు కాదు. టెస్ట్ ల్యాంపు పెట్టి, తాళం తీసి ఒకసారి, వేసి ఒకసారి చూసి కలిపేవాడే పనివాడు.

ఇప్పుడు లక్షణాల్ని బట్టి జబ్బు మీరే చెప్పొచ్చు. తాళం తీసి మళ్ళీ వేసేసరికి స్టేషన్లు, గడియారం అన్నీ మర్చిపోయి మొదటికొస్తోందా? పసుపు, ఎరుపు తారుమారయ్యాయి, లేదా పసుపు తీగకి కరెంటు అందడం లేదు. తాళం తీసి జేబులో వేసుకున్నా పాట ఆగడం లేదా? ఎరుపుని కూడా ఎప్పుడూ కరెంటు ఉండే తీగకే కలిపేశారు. కొంతమంది షాపువాళ్ళు దీన్ని సౌకర్యంగా చెబుతారు, "తాళం లేకుండా కూడా పాటలు వినొచ్చు మేడం" అని. వినొచ్చు, నిజమే. పిల్లలు స్విచ్చి ఆపడం మర్చిపోయిన రాత్రి మాత్రం తెల్లారి కారు తోసుకోవాలి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు స్టీరియో ఒక్క క్షణం ఆరి వెలుగుతుంటే కంగారు పడకండి. ఇంజను తిప్పడానికి బలమంతా కావాలని చాలా కార్లలో కంపెనీయే అలా ఏర్పాటు చేసింది. అయితే ఆ క్షణంలో గడియారం కూడా సున్నాకి పోతుంటే అది బ్యాటరీ నీరసమైనా కావాలి, ఎర్త్ వదులైనా కావాలి.

రాత్రికి రాత్రి ఎవరు తాగేస్తున్నారు?

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చిన్నకారు బ్యాటరీ మీద 35 ఆంపియర్ అవర్ అనో, దానికి అటూ ఇటూగానో రాసి ఉంటుంది. అంటే గంటకి ఒక ఆంపియరు చొప్పున వాడితే సుమారు 35 గంటలు వస్తుందని లెక్క. కారు ఆపి ఉన్నప్పుడు కూడా గడియారానికీ, లోపలి కంప్యూటరు డబ్బాకీ, తాళాల అలారానికీ కాస్త కరెంటు పోతుంది. అది 50 మిల్లీ ఆంపియర్లలోపు, అంటే ఆంపియరులో ఇరవయ్యో వంతులోపు ఉంటే బ్యాటరీకి ఏమీ కాదు. అదే అర ఆంపియరు కారిపోతోందనుకోండి. రోజుకి 24 గంటలు, 12 ఆంపియర్ అవర్లు. మూడో రోజుకి పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ తీసుకోకపోవడానికి అంత ఖాళీ కానక్కర్లేదు, రెండో రోజుకే మొరాయిస్తుంది. యాంప్లిఫయరు ఊరికే మేలుకుని ఉంటే చాలు, పాట లేకపోయినా అంత తాగేస్తుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. ఇలా రెండు మూడు సార్లు అడుగంటా దిగిపోతే కొత్త బ్యాటరీ కూడా బలం కోల్పోతుంది. లోపలి సీసం పలకల మీద గట్టి పొర పేరుకుని మళ్ళీ ఛార్జింగ్ నిండుగా ఎక్కదు. మా వదిన వాళ్ళ మొదటి బ్యాటరీ పోయింది అందుకే. కంపెనీని తిట్టుకున్నారు గానీ దాని తప్పేం లేదు.

మీటరూ అదీ లేకుండా ఇంట్లోనే చేసుకునే పరీక్ష చెబుతాను. బ్యాటరీని ఒకరోజు షాపులో నిండా ఛార్జింగ్ పెట్టించండి. ఆ రాత్రి స్టీరియో ఫ్యూజు, యాంప్లిఫయరు ఉంటే బ్యాటరీ పక్కనే తీగలో ఉండే దాని ఫ్యూజు పీకి ఒక డబ్బాలో దాచండి. మూడు రాత్రులు కారుని కదపకుండా ఉంచి నాలుగో పొద్దున తాళం తిప్పండి. గురగురమని ఒక్క దెబ్బకి లేచిందా? మళ్ళీ నిండా ఛార్జింగ్ పెట్టించి, ఫ్యూజులు వేసి, మళ్ళీ మూడు రాత్రులు ఉంచండి. ఈసారి లేవకపోతే దొంగ స్టీరియో దారిలోనే ఉన్నాడు. రెండుసార్లూ లేవకపోతే స్టీరియోని అనుమానించడం మానేసి బ్యాటరీని చూపించండి. మన ఎండలకి మూడు నాలుగేళ్ళు దాటిన బ్యాటరీ ఎప్పుడైనా పోవచ్చు.

మీటరు కొనుక్కునే ఓపిక ఉంటే ఇంకా సులువు. ఎలక్ట్రికల్ షాపుల్లో మామూలు మల్టీమీటరు మూడు నాలుగు వందలకే దొరుకుతుంది. కారు రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ రెండు కొనల మీదా మీటరు ముల్లులు పెడితే 12.6 వోల్టులు చూపిస్తే నిండుకుండ. 12.2 అంటే సగం. 12కి తగ్గితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎవరినైనా చూడమనండి, 10 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ నీరసపడింది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకంటే తక్కువగా, 12 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటరు, అదే మనవాళ్ళు డైనమో అంటారే, అది ఛార్జింగ్ ఇవ్వడం లేదు. అప్పుడు స్టీరియో ఎంత మార్చినా ఉపయోగం లేదు.

ఎంత కారిపోతోందో ఆంపియర్లలో చూడాలంటే తాళం తీసి, తలుపులన్నీ మూసి, అరగంట ఆగాలి. ఈ రోజుల కార్లలో కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. తర్వాత బ్యాటరీ మైనస్ తీగ విప్పి, మీటరుని 10 ఆంపియర్ల గుంటలో పెట్టి, విప్పిన తీగకీ మైనస్ కొనకీ మధ్య కలపాలి. తీగ విప్పి కలిపితే కంప్యూటర్లు మళ్ళీ లేస్తాయి కాబట్టి ఇంకో అరగంట ఓపిక పట్టండి. ఆ తర్వాత కనిపించే అంకెని రాసుకుని, ఒక్కొక్క ఫ్యూజే పీకుతూ వెళ్తే, ఏది పీకినప్పుడు అంకె దబ్బున పడిపోయిందో ఆ దారిలోనే కారుతోంది. ఈ పరీక్ష జరుగుతుండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, హెడ్‌లైట్లు వెయ్యకూడదు. మీటరు మాడిపోతుంది. ఇది మాత్రం పక్కన తెలిసినవాళ్ళు ఉన్నప్పుడే చెయ్యండి.

ఆండ్రాయిడ్ స్టీరియోలని ఇప్పుడు పెద్ద తెరవి వస్తున్నాయి కదా, వాటిలో కొన్నింటికి ఇంకో అలవాటుంది. తాళం తీసినా పూర్తిగా ఆరిపోవు. మళ్ళీ వేసినప్పుడు టక్కున వెలగాలని కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటిస్తాయి. సెట్టింగుల్లో స్టాండ్‌బై అనో స్లీప్ అనో ఉంటుంది, దాన్ని తీసేసి పూర్తిగా ఆగేలా పెట్టమని షాపువాడిని అడగండి. వారానికోసారి గుడికి మాత్రం తీసే కారైతే ఇది తప్పనిసరి.

గాజులు తీసి పక్కన పెట్టండి

బ్యాటరీ దగ్గరికి వెళ్ళే ముందు చేతి గాజులు, ఉంగరాలు, వాచీ తీసెయ్యాలి. నల్లపూసలో, మంగళసూత్రం గొలుసో వేలాడుతుంటే జాకెట్లోకి దోపుకోవాలి. 12 వోల్టులు మనకి షాకు కొట్టవు, నిజమే. కానీ బంగారు గాజు ఒక వైపు ప్లస్ కొనకీ, ఇంకో వైపు ఇనుముకీ తగిలిందంటే అందులోంచి వందల ఆంపియర్లు పోతాయి. గాజు ఎర్రగా కాలి మణికట్టు చుట్టూ చర్మం ఊడొస్తుంది. మెకానిక్కులు ఉంగరం తియ్యకుండా పనిచేసి వేలు కాల్చుకున్న కథలు మా తమ్ముడు చాలా చెబుతాడు.

విప్పేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. కారు శరీరమంతా మైనస్సే కదా. మైనస్ తీగ ఉండగా ప్లస్ విప్పుతుంటే చేతిలోని పానా పక్క ఇనుముకి తగిలి రవ్వలు లేస్తాయి. బ్యాటరీలోంచి ఛార్జింగప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, దానికి రవ్వ పడితే పేలుతుంది. దీపం, బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వకండి.

కొనల మీద తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుంటుంది చూశారూ, దానికి మన వంటసోడానే మందు. గ్లాసుడు నీళ్ళలో ఒక చెంచాడు కలిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే బుసబుసమని పొంగి ఊడిపోతుంది. బ్యాటరీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి, సోడా నీళ్ళు లోపలికి పోకూడదు. తర్వాత మంచినీళ్ళతో తుడిచి, ఆరాక తీగలు బిగించి, మీద కాస్త వాజలైను రాయండి. ఆ పొడి వల్ల కరెంటు సరిగ్గా పారక, స్టీరియో సౌండు పెంచినప్పుడల్లా ఆరిపోవడం నేను చూశాను. వాళ్ళు కొత్త స్టీరియో కొందామనుకుంటున్నారు పాపం. సోడా ఖర్చు రూపాయి లేదు!

ఫ్యూజు పోతే వెండి కాగితం చుట్టకండి

స్టీరియో ఫ్యూజు సాధారణంగా 10 గానీ 15 గానీ ఆంపియర్లది ఉంటుంది. రంగుని బట్టే గుర్తుపట్టొచ్చు. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పోయినప్పుడు అదే రంగుది వెయ్యాలి. మాటిమాటికీ పోతోందని 15 తీసి 30 వెయ్యడమో, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడమో చేశారంటే, ఇక కాలేది ఫ్యూజు కాదు, తీగ. ఆ తీగ డ్యాష్‌బోర్డు లోపల ప్లాస్టిక్కు మధ్యనుంచి పోతుంది. కార్లు తగలబడడంలో ఇదొక దారి. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటాం. మన అద్దంకి ఎండలో తలుపులు మూసిన కారు డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి నల్ల టేపు జిగురు కరిగి, చుట్టలు జారి, లోపలి రాగి తీగలు బయటపడతాయి. రెండు నెలల తర్వాత జబ్బు బయటపడుతుందన్నానే, కారణం ఇదే. టేపు బదులు వేడి చేస్తే బిగుసుకునే గొట్టం తొడుగులు వస్తాయి, అవి వేయమనండి. కాసిని రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు.

ఫ్యూజు ఎప్పుడు పోతోందో గమనిస్తే సగం పని అయినట్టే. వెయ్యగానే పోతోందంటే పసుపు తీగ ఎక్కడో ఇనుముకి ఆనుతోంది, లేదా డ్యాష్‌బోర్డు బిగించేటప్పుడు స్క్రూ తీగలోకి దిగింది. సౌండు పెంచినప్పుడే పోతోందంటే దాని శక్తికి మించి స్పీకర్లు కలిపారు. గతుకుల్లోనూ, వానలోనూ మాత్రమే పోతోందంటే ఇంజను వైపు నుంచి లోపలికి తీగ దూరే కంత దగ్గర రబ్బరు లేక, ఇనుప అంచుకి రాసుకుని తీగ తోలు లేచిపోయింది.

కారు లోపలి లైటు, గడియారం హఠాత్తుగా ఆగిపోయాయనుకోండి. అవి వేరే జబ్బు అనుకుంటాం. చాలా కార్లలో స్టీరియో పసుపు తీగకీ వాటికీ ఒకటే ఫ్యూజు. అలాగే ఫోను ఛార్జింగ్ పెట్టుకునే సాకెట్టుకీ ఎరుపు తీగకీ చాలా చోట్ల ఒకటే. రెండిట్లో ఒకటి పోతే రెండోదీ చూడండి.

అసలు కార్లో పాట పెట్టిన రోజునుంచీ ఈ గొడవ ఉంది. అమెరికాలో షికాగోకి చెందిన పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు 1930లో కార్లలో పెట్టే రేడియో తయారుచేసి దానికి మోటరోలా అని పేరు పెట్టారు. తర్వాత కంపెనీ పేరే అదైపోయింది. పాల్ గాల్విన్ అప్పు కోసం ఒక బ్యాంకు ఆయన దగ్గరికెళ్ళి, మంచి చేసుకుందామని ఆయన కారులోనే రేడియో బిగించి ఇచ్చాడట. అరగంటకి ఆ కారు అంటుకుందట! అప్పు రాలేదు. ఇది అక్కడ ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట.

కీచుమని ఏడుపు

పాట వెనకాల దోమ పాడుతున్నట్టు సన్నగా కీచుమంటూ, యాక్సిలరేటరు తొక్కుతున్నకొద్దీ ఆ కూత పైకి పోతుంటే అది ఆల్టర్నేటరు చప్పుడు. ముందు నలుపు తీగ చూడాలి. రంగు వేసిన ఇనుము మీదో, ప్లాస్టిక్కు బిగించే స్క్రూకో కట్టేస్తే ఎర్త్ సరిగ్గా అందదు. రంగు గీకి మెరిసే ఇనుముకి బిగించాలి. యాంప్లిఫయరు ఉంటే కరెంటు తీగ కారుకి ఒక పక్క నుంచి, పాట తీగలు రెండో పక్క నుంచి పోవాలి. రెండూ కలిపి కట్టేస్తే కూత వస్తుంది. కొన్నిసార్లు చౌకరకం ఫోను ఛార్జరు కూడా ఇదే కూత పెడుతుంది, పీకి చూడండి. రాత్రిపూట డప్పు దెబ్బకల్లా హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటున్నాయా? సింగరకొండ తిరునాళ్ళలో ప్రభల మీద అయితే బావుంటుంది గానీ కారుకి బావుండదు. సన్నని తీగ, వదులు ఎర్త్, నీరసం బ్యాటరీ, మూడిట్లో ఒకటి.

పాత అంబాసిడర్లలో, ఫియట్లలో స్పీకరు మైనస్ తీగని కారు శరీరానికే కలిపేవాళ్ళు. ఆ అలవాటు పోని పెద్ద మిస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. నేటి స్టీరియోలకి అలా చేస్తే లోపలి యాంప్లిఫయరు ముక్క మాడిపోతుంది. స్పీకరుకి రెండు తీగలూ స్టీరియో దాకా విడివిడిగా రావాలి.

షాపులో ఏం అడగాలి?

"కారు తీగ కొయ్యకుండా కప్లరు పెట్టి బిగిస్తావా బాబూ?" అన్నది మొదటి ప్రశ్న. మీ కారు మోడలుకి సరిపోయే కప్లరు వైరింగ్ కిట్టు దొరుకుతుంది. ఒక వైపు కారు సాకెట్టులో, ఇంకో వైపు స్టీరియోలో గుచ్చితే సరి. కొయ్యడాలు, మెలెయ్యడాలు ఉండవు. రేపు కారు అమ్మేటప్పుడు పీకేసుకోవచ్చు కూడా. కొత్త కారైతే తీగ కోశారంటే కంపెనీవాళ్ళు ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వమని పేచీ పెడతారు. రెండోది, యాంప్లిఫయరు పెట్టిస్తే బ్యాటరీ నుంచి అడుగున్నర లోపలే ఫ్యూజు ఉండాలి. డిక్కీ దగ్గర పెడితే మధ్యలో ఉన్న పది పన్నెండడుగుల తీగకి కాపలా ఉండదు. మూడోది, స్టీరింగు దగ్గర, డ్యాష్‌బోర్డులో పసుపు తొడుగున్న తీగలు, పసుపు కప్లర్లు కనపడితే వాటి జోలికి పోకూడదు. అవి ఎయిర్‌బ్యాగులవి. ఇంతకు ముందు చెప్పిన పసుపు తీగ వేరు, ఇది వేరు, కలిపేసుకోకండి. డబ్బా మీద 500 వాట్లు అని రాసి ఉంటే మురిసిపోకండి కూడా. వెనక 15 ఆంపియర్ల ఫ్యూజున్నది బ్యాటరీ నుంచి లాగేదే 200 వాట్ల చిల్లర, ఇక 500 ఎక్కడినుంచి ఇస్తుంది?

పని జరుగుతున్నంతసేపూ అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చోండి. మనం చూస్తున్నామంటే చెయ్యి కాస్త శుభ్రంగా నడుస్తుంది. బిల్లు తీసుకుని దాచండి. కారు ఇన్సూరెన్సు కట్టేటప్పుడు బయట పెట్టించిన స్టీరియో విలువ విడిగా రాయించి కొంచెం అదనంగా ప్రీమియం కడితేనే అది పాలసీలోకి వస్తుంది. లేకపోతే దొంగతనం జరిగినా, కాలిపోయినా దాని డబ్బు రాదు.

మన పల్లెల్లో ఇంకో శత్రువు ఎలుక. మిర్చి బస్తాలు, పత్తి ఉన్న చోటే కారు నిలబెడతాం. అవి బానెట్టులో గూడు పెట్టి తీగలు కొరుకుతాయి. కొరికిన తీగ పక్కన దూది గూడు ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొందరు పొగాకు కాడలు గుడ్డలో కట్టి బానెట్టులో పెడతారు. ఘాటు ఉన్నన్నాళ్ళు పనిచేస్తుంది. ఇంజను వేడి భాగాలకి తగలకుండా కట్టాలి, నెలకోసారి మార్చాలి. దానికన్నా వారానికోసారి బానెట్టు ఎత్తి చూడడం మేలు.

కారులో కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చిందా, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోకండి. పక్కకి ఆపి, తాళం తీసి, ముందు పిల్లల్ని దించండి. పొగ కనపడితే బానెట్టు బార్లా ఎత్తకండి, గాలి తగిలి మంట లేస్తుంది. దూరంగా వెళ్ళి 101కి ఫోను చెయ్యండి. సామాను తర్వాత సంగతి.

ఇక ఏదో ఒక రోజు బ్యాటరీ దిగిపోనే పోయింది, పక్కింటి కారు ఉంది. జంపర్ తీగలు ఒక జత డిక్కీలో ఉంచుకుంటే పని జరుగుతుంది. ఎర్ర తీగ ఒక కొన మన ప్లస్‌కి, రెండో కొన వాళ్ళ ప్లస్‌కి. నల్ల తీగ ఒక కొన వాళ్ళ మైనస్‌కి, రెండో కొన మన బ్యాటరీకి కాదు, మన ఇంజను మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. వాళ్ళ కారు స్టార్టు చేసి అయిదు నిమిషాలు ఉంచి, మనది కొట్టండి. లేచాక ఎక్కించిన వరసకి ఎదురు వరసలో తీగలు తీసెయ్యండి. స్టీరియో, ఏసీ ఆపేసి ఒక అరగంటైనా నడపండి. బ్యాటరీ అంతటితో నిండదు, మర్నాడు షాపులో ఛార్జింగ్ పెట్టించాల్సిందే.